రెండు పంచాంగాల మణియం

మా మేనమామ పోయినప్పుడు ఆయన వయసెంతో తేలకుండానే దహనం చేశాం.

పాడె కడుతుండగా కొత్త మణియం వచ్చి, చావుల రిజిస్టరు చంకలో పెట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు. అరవదేశంలో మా నాగలాపురం వైపు గ్రామ మునసబును మణియం అంటారు. పోయినాయన వయసెంత అని అడిగాడు. దాయాది ఒకాయన యాభై ఎనిమిది అన్నాడు. పాలేరు అరవై దాటిందన్నాడు. మా అమ్మ, అంటే పోయినాయన సొంత చెల్లెలు, తనకంటే ఎనిమిదేళ్ళు పెద్ద అని చెప్పింది గాని తన వయసెంతో చెప్పలేదు. లోపలున్న అత్తను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి కొత్త మణియం యాభై తొమ్మిదని రాసుకొని పోయాడు. పాతికేళ్ళపాటు ఊరందరి వయసులూ తన చేత్తో రాసిన పాత మణియానికి ఇంతకన్నా తగిన మర్యాద ఇంకొకటి లేదని నేనన్నాను. మా అమ్మ పాడె పక్కనే నన్ను తిట్టింది.

మామ పొట్టి మనిషి. ఆయనకొక నల్లకోటు ఉండేది. అది పెట్టెలోంచి బయటికి రావడానికి కారణాలు రెండే: తాసిల్దారు ఊళ్ళోకి రావడం, ఊళ్ళో బిడ్డ పుట్టడం. పెళ్ళిళ్ళకు వేసుకునేవాడు కాదు. పెళ్ళి సర్కారు పని కాదట. బిడ్డ తండ్రి వచ్చి చెప్పుకోగానే అతణ్ణి ఎండలో నిలబెట్టి, పంచెమీద ఆ కోటు తొడిగి, అయిదు గుండీలూ పెట్టుకొని, కలం పాళీని తలవెంట్రుకలకు తుడిచి, ఆడా మగా అని అడిగేవాడు. చెప్పిన జవాబును వెంటనే నమ్మేవాడు కాదు. కాసేపు ఆ తండ్రి మొహంలోకి చూసి, సరే, నీ మాట మీద రాస్తున్నాను అన్నట్టు రాసేవాడు. రాత ఆరిన తర్వాత తలెత్తి, "ఇప్పుడు పుట్టినాడు, పో" అనేవాడు. అంతవరకూ ఆ బిడ్డ ఇంటిదగ్గర ఏడుస్తున్నదంతా లెక్కలోకి రాదన్నమాట.

ఇన్ని పుట్టుకలు రాసినవాడు సొంత కొడుకు పుట్టుక రాయలేదు. అంతకు ముందు ఇద్దరు బిడ్డలు పుట్టీపుట్టగానే పోయారు. ఇద్దరినీ ఆయన కోటు వేసుకొని మరీ రాశాడు. మూడోవాణ్ణి రాస్తే దిష్టి తగులుతుందని అత్త భయపడింది. ఆయన పైకి విసుక్కున్నాడు గాని కలం ముట్టుకోలేదు. ఆ విధంగా, ఆయన సొంత సూత్రం ప్రకారం, మా బావ ఇంతవరకూ పుట్టనే లేదు. కాని పుట్టనివాడు చేయలేని పనులు చాలా చేశాడు, అక్కడికి వస్తాను.

మామ ఇంటి తిన్నెమీద గోడకు రెండు మేకులుండేవి. ఒకదానికి తెలుగు పంచాంగం, ఒకదానికి అరవ పంచాంగం. తెలుగుది ఆయన చదవలేడు. మాలో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని చదివేవాళ్ళు తక్కువ. ఏటా పురోహితుడు వచ్చి ఉగాది దగ్గర పసుపుబొట్టు పెట్టి పోయేవాడు, ఆయనకు ఆ బొట్టు చాలు. మాకు సంవత్సరం ఉగాదితో మారుతుంది. ఊళ్ళో అరవవాళ్ళకు చిత్తిరై నెల ఒకటో తేదీన మారుతుంది. రెంటికీ మధ్య కొన్నాళ్ళు ఎడం ఉంటుంది. ఆ ఎడంలో పుట్టిన బిడ్డ మా ఇంట్లో కొత్త సంవత్సరం బిడ్డ, వీథిలోకి అడుగుపెడితే పాత సంవత్సరం బిడ్డ. అంటే గడప దాటితే ఒక ఏడు పెద్దవాడవుతాడు. పుట్టిన సంవత్సరాన్ని కూడా ఒకటిగా పట్టుకొని లెక్కబెడితే ఇంకో ఏడు పెరుగుతాడు.

ఈ రెండు ఏళ్ళే మామ ఆస్తి. ఎవరైనా వయసు కాగితం కోసం వస్తే, "పెద్ద చేయాల్నా, చిన్న చేయాల్నా?" అని అడిగి, దానికి తగిన మేకు వైపు తిరిగేవాడు. అబద్ధం రాస్తున్నావని అంటే ఆయనకు నిజంగా నొప్పి పుట్టేది. అబద్ధం కాదు, లెక్క వేరు అనేవాడు.

మా బావ సరిగ్గా ఆ ఎడంలోనే పుట్టాడు. కోవిల్‌పట్టి బడిలో చేర్చేటప్పుడు వాడు మరీ వెనకబడి కనపడకూడదని మామ తెలుగు మేకు వైపు తిరిగి చిన్న వయసే రాసిచ్చాడు. మా దురదృష్టం కొద్దీ అది నిజమైన వయసు.

తర్వాత మోటారు వచ్చింది. పత్తి బాగా పండిన ఏడు, కోవిల్‌పట్టిలో ఒక ఇంజనీరు ఊరు వదిలిపోతూ అమ్మిన పాత బండి. దాన్ని మోటారు అంటే మామకు కోపం, షికారు కారును అరవవాళ్ళు పిలిచినట్టు ప్లెషర్ అనాలి. టాపు లేని ఆ ప్లెషరులో మామ వెనక సీటులో నిటారుగా కూర్చొని గొడుగు తెరిచి పట్టుకునేవాడు. వేగం పెంచితే గొడుగు వెనక్కి మడుచుకుంటుంది, అందుకని డ్రైవరు దాన్ని ఎద్దులబండి నడకలో నడిపేవాడు. నిజంగా ఎద్దులబండి అడ్డమొస్తే దాని వెనకే పోవలసి వచ్చేది. నాగలాపురం నుంచి కోవిల్‌పట్టికి ఒకసారి ఆయనతో పోయాను. దారిలో ముగ్గురు కాలినడకన పోయేవాళ్ళు మాకంటే ముందు చేరారు. వాళ్ళలో ఒకతను కుంటివాడు.

బావ మోటారు నేర్చుకున్నాడు. లైసెన్సుకు పద్దెనిమిదేళ్ళుండాలన్నారు. మామ కోటు వేసుకున్నాడు. ఈసారి అరవ మేకు వైపు తిరిగి, పుట్టిన ఏడును కూడా కలుపుకొని, పదహారేళ్ళవాడికి పద్దెనిమిది నిండినట్టు సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఆ సాయంత్రం అత్త అడిగింది, నేను కని పద్దెనిమిదేళ్ళయిందా అని. ఆమెకు సర్కారు విషయాలు తెలియవని ఆయన జవాబు.

మిరపకాయల కాలంలో డ్రైవరుకు జ్వరం వచ్చింది. విరుదునగరం మండీకి మిరపకాయల మచ్చు పంపించాలి. మామ ఆ ఊరిని ఇంకా విరుదుపట్టి అనే పాతపేరుతోనే పిలిచేవాడు. లైసెన్సు ఉన్నోడివి గదా, నువ్వే పోయిరా అని కొడుకును పంపాడు. తోడుగా నన్నెక్కించాడు. నాకప్పుడు పదిహేను, ఏ మేకు వైపు తిరిగినా పదిహేనే.

సాత్తూరు దాటాక తాటితోపులో ఒక కల్లు కొట్టు ఉంది. బావ బండి ఆపాడు. రేడియేటరుకు నీళ్ళు కావాలన్నాడు. నీళ్ళు రేడియేటరుకు పోశాం. నేను ఒక ముంత తాగాను, మిగిలిన కుండ వాడు తాగాడు. ఆ పైన వాడికి తోవ బాగా వెడల్పుగా కనిపించినట్టుంది. పాడుతూ నడిపాడు. గొడుగు లేని ఆ ప్లెషర్ ఎంత జోరుగా పోగలదో ఆరోజే మొదటిసారి తెలిసింది. భయపడ్డానని ఇప్పుడు చెప్పవచ్చు గాని, అప్పుడు నేనూ పాడాను.

విరుదునగరం ఊరి మొదట్లో నూనెడబ్బాల బండి ఒకటి ముందు పోతోంది. బావ దాన్ని వెనకనుంచి గుద్దాడు. బండి పక్కకు ఒరిగింది, తోలే ముసలాయన కింద పడ్డాడు, చక్రం ఆయన కాలిమీదికి వచ్చింది. డబ్బాలు పగిలి నువ్వులనూనె వీథి నిండా పారింది. సాయానికి పరిగెత్తుకొచ్చినవాళ్ళు పరిగెత్తుకొచ్చినట్టే జారి పడ్డారు. పోలీసు కానిస్టేబులు గంభీరంగా నడుచుకుంటూ వచ్చి, గంభీరంగానే కూర్చుండిపోయాడు. నాకు నవ్వొచ్చింది. అప్పుడు ముసలాయన కాలు చూశాను. అది మోకాలి కింద ఇంకోవైపుకు తిరిగి ఉంది. ఆయన అరవడం లేదు, ఎద్దుల పగ్గాలు విడిపించమని మాత్రం అడుగుతున్నాడు. ఆ నవ్వును ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

బావ స్టీరింగు పట్టుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కానిస్టేబులు దగ్గరికి వచ్చి వాసన చూసి, వయసెంత అని అడిగాడు. అక్కడినుంచి నెలన్నరపాటు మా ఇంట్లో ఎవరూ ఇంకో మాట మాట్లాడలేదు.

కోవిల్‌పట్టిలో మామకు తెలిసిన వకీలొకాయన ఉన్నాడు. బావ తాగింది కల్లు కాదు, పదనీరు అని చెప్పి చూద్దామన్నాడు. కుండ లోపల సున్నం పూస్తే దిగేది పదనీరు, తియ్యగా ఉంటుంది, పూయకపోతే కల్లు. మావాడు కుండ లోపలికి చూడలేదని వాదించవచ్చట. కాని కల్లు కొట్టువాడు అప్పటికే పోలీసులకు అంతా చెప్పేశాడు. కాబట్టి మిగిలింది వయసొకటే అని వకీలు తేల్చాడు. ఆయన చెప్పింది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అంత సులువుగా ఎవరూ మామకు ఏదీ చెప్పలేదు. బడికి ఇచ్చిన కాగితం ప్రకారం పిల్లవాడికి ఇప్పుడు పదహారు. లైసెన్సుకు ఇచ్చిన కాగితం ప్రకారం పద్దెనిమిది. రెండూ మీ చేతిరాతే, రెండూ పోలీసుల దగ్గరున్నాయి. పద్దెనిమిదే నిజమంటే మీ కాగితం నిలబడుతుంది, మీ మణియం ఉద్యోగం నిలబడుతుంది, పిల్లవాడు పెద్దవాళ్ళతో పాటు జైలుకు పోతాడు. పదహారే నిజమంటే పిల్లవాణ్ణి పూచీ మీద వదలమని మేజిస్ట్రేటును అడగవచ్చు. కాని మీరు తెలిసి తప్పుడు కాగితం ఇచ్చినట్టవుతుంది. ఉద్యోగం పోతుంది, మీమీద కేసు కూడా రావచ్చు.

మామ వేళ్ళు మడిచి లెక్కబెట్టి అడిగాడు.

"పదిహేడంటే కుదరదా?"

"కుదురుతుంది. అప్పుడు రెండు కాగితాలూ అబద్ధమే అవుతాయి" అన్నాడు వకీలు.

ఊరికి వచ్చిన తర్వాత మామ తిన్నెమీద గోడకెదురుగా కూర్చొని లెక్కలు కట్టడం మొదలుపెట్టాడు. రెండు పంచాంగాలూ దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. మలయాళంవాళ్ళకు సంవత్సరం ఎప్పుడు మారుతుందో కనుక్కోమని నన్నడిగాడు. మూడో మేకు కొట్టే ఉద్దేశం ఉందేమో. కేసు వాయిదా దగ్గరపడేకొద్దీ ఆయన కోటును రోజూ ఎండలో వేసి రోజూ దులిపేవాడు. పాతికేళ్ళ మణియం, తాసిల్దారు కుర్చీ చూపించే మనిషి అని తనకు తానే చెప్పుకునేవాడు. కొడుకు మాట ఎత్తితే, వాడికేం, జైల్లో రెండు పూటలా తిండి పెడతారు అనేవాడు. అన్న వెంటనే లేచి పెరట్లోకి పోయేవాడు.

జామీను మీద ఇంటికొచ్చిన బావ ఆ నెలన్నరా గొడ్లచావిట్లోనే ఉన్నాడు. కల్లు మాట గాని మోటారు మాట గాని ఎత్తలేదు. ఒకరోజు మాత్రం, జైల్లో తలలు గొరుగుతారా అని నన్నడిగాడు. గొరుగుతారు, నీకు మంచిదే అని ఎగతాళి చేశాను. వాడు ఏడ్చాడు. నా ఎగతాళికి అంత ఫలితం రావడం అదే మొదలు.

అత్త మాట్లాడింది ఒక్కసారే. వాయిదాకు ముందురోజు మధ్యాహ్నం మామ ముందు విస్తరి వేసి, అన్నం వడ్డించకుండా గిన్నె పట్టుకొని నిలబడింది.

"మీకు కాగితం కావల్నా, బిడ్డ కావల్నా?"

మామ ఆ రెండూ ఒకటేనని ఏదో వివరించబోయాడు. ఆమె గిన్నె తీసుకొని లోపలికి పోయింది. విస్తరి సాయంత్రం దాకా అట్లాగే ఉంది.

విరుదునగరం కోర్టుకు అందరం రైల్లో పోయాం, ప్లెషర్ పోలీసుల దగ్గరుంది గనుక. మామ అయిదు గుండీలూ పెట్టుకున్నాడు. మొదట నూనెబండి ముసలాయన్ను ఇద్దరు మోసుకొచ్చి బెంచీమీద కూర్చోబెట్టారు. కాలికి వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. పేరు చెప్పాడు. వయసెంత అని గుమాస్తా అడిగాడు. తెలియదు సామీ, కాలు విరిగేదాకా నన్నెవరూ అడగలేదు అన్నాడు ఆయన. గుమాస్తా తనకు తోచింది రాసుకున్నాడు. ఆ రోజు ఆ కోర్టులో ఆయన్ను ఇంకెవరూ ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. విరిగింది ఆయన కాలయినా, విచారణ జరిగింది మా బావ పుట్టినరోజు గురించి.

మామను పిలిచారు. మేజిస్ట్రేటు రెండు కాగితాలూ ఎత్తి చూపించి, ఇవి మీరు రాసినవేనా అని అరవంలో అడిగాడు. నేనే అన్నాడు మామ. ఏది నిజం అని అడిగాడు. మామ దగ్గి, గొంతు సవరించుకొని, ఉగాది నుంచి మొదలుపెట్టాడు. చిత్తిరై దాకా వచ్చాడు. నిండిన ఏడేదో, నడిచే ఏడేదో విడదీశాడు. ఊళ్ళో ఎవరెవరికి ఏ లెక్క వాడతారో చెప్పాడు. గుమాస్తా కలం కింద పెట్టేశాడు. వకీలు కళ్ళు మూసుకున్నాడు. మేజిస్ట్రేటు మాత్రం ఓపికగా చివరిదాకా విని అడిగాడు.

"మీ పిల్లవాడు ఎన్నిసార్లు పుట్టాడు?"

"ఒక్కసారే సామీ."

"అప్పటినుంచి ఇప్పటికి ఎన్నేళ్ళు?"

మామ వెనక్కి తిరిగాడు. వెనక గోడదగ్గర అత్త నిలబడి ఉంది. ముందు బోనులో బావ నిలబడి ఉన్నాడు, తల వంచుకొని, చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. మామ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. అప్పుడు, కోర్టులో అరవం మాట్లాడాలన్నది మరిచిపోయి, ఇంట్లో మాట్లాడినట్టు తెలుగులో అన్నాడు.

"పదారు నిండింది. లైసెన్సుకు రాసింది తప్పు. తెలిసే రాసినా."

మేజిస్ట్రేటుకు తెలుగు రాదు. మళ్ళీ చెప్పమన్నాడు. మామ అరవంలో మళ్ళీ చెప్పాడు. నిజాన్ని ఒకే రోజు రెండుసార్లు చెప్పవలసి రావడం ఆయనకు అలవాటు లేని పని. రెండోసారి గొంతు వణికింది. అయితే ఆయనకు ఆరోజు దగ్గు కూడా ఉంది, కాబట్టి అందులో ఏది ఎంతో నేను చెప్పలేను. మామ లోపలి మంచితనం అప్పుడు బయటికి వచ్చిందని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను అక్కడే ఉన్నాను. రెండు పంచాంగాల్లోనూ దాక్కోవడానికి చోటు అయిపోయింది, అందుకని బయటికి వచ్చాడు. ఏమైనా వచ్చాడు, అది ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం తీర్పు చెప్పారు. లైసెన్సు రద్దు. ముసలాయనకు నష్టపరిహారం తండ్రి కట్టాలి. తప్పుడు కాగితం సంగతి తిరునెల్వేలిలో కలెక్టరుకు రాసి పంపుతారు. కుర్రవాణ్ణి జైలుకు పంపకుండా, మోటారూ కల్లూ ముట్టకుండా చూస్తామని పెద్దవాళ్ళెవరైనా పూచీ రాసిస్తే ఒక సంవత్సరం మంచినడత మీద వదులుతారు. సంవత్సరం అన్న తర్వాత మేజిస్ట్రేటు ఒక్కక్షణం ఆగి, మామ వైపు చూసి, ఇంగ్లీషు సంవత్సరం అని కలిపాడు.

మామ జేబులోంచి కలం తీసి ముందుకు నడిచాడు. పూచీ సంతకాలు ఆయన వందలు చేయించి ఉంటాడు. మేజిస్ట్రేటు చెయ్యెత్తి ఆపాడు. మీ సంతకాలు రెండు నా ముందు ఇప్పటికే ఉన్నాయి, వేరేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

వేరేవాళ్ళంటే నేనున్నాను. నాకు పదిహేను. పైగా ఆ ముంత సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

గోడదగ్గరనుంచి అత్త వచ్చింది. ఊళ్ళో బయటివాళ్ళ ముందు గట్టిగా మాట్లాడని మనిషి. కొంగు సరిచేసుకొని గుమాస్తా బల్లముందు నిలబడింది. ఆయన పేరడిగి, ఊరడిగి, వయసడిగాడు. మామ అలవాటు చొప్పున నోరు తెరిచాడు.

"మీరుండండి, నాది నేను చెప్పుకుంటా" అంది అత్త.

అరవంలోనే చెప్పింది, ఒక్క అంకె, లెక్కలేమీ లేకుండా. గుమాస్తా రాసుకున్నాడు, ఆమె వేలిముద్ర వేసింది, మా బావ బోను దిగి వచ్చాడు.

స్టేషనుకు పోయేటప్పుడు అత్త ముందు నడిచింది, ఆమె వెనక బావ, ఆ వెనక మామ. ప్లాట్‌ఫారం మీద ఒకే బెంచీ ఖాళీగా ఉంది. అత్తా బావా కూర్చున్నారు, మధ్యలో అన్నం మూట పెట్టుకున్నారు. మామ నిలబడే ఉన్నాడు. కోటు విప్పి చేతిమీద వేసుకున్నాడు, అది లేకుండా మరీ చిన్నగా కనిపించాడు. మిరపకాయల మండీ దళారి ఒకాయన అటుగా పోతూ గుర్తుపట్టి ఆగాడు. ఏం మణియం, ఇంతదూరం వచ్చారే, సర్కారు పనా అని పలకరించాడు.

మామ కోటును ఇంకో చేతిమీదికి మార్చుకున్నాడు.

"మణియం కాదు. నేను వీడి నైనాని. వీణ్ణి తీసుకుపోను వచ్చినా" అన్నాడు.

దళారికి అర్థం కాలేదు. నవ్వి పోయాడు. అత్త మూట తీసి ఒళ్ళో పెట్టుకొని, కాస్త పక్కకు జరిగి, బెంచీమీద ఆయనకు చోటిచ్చింది. ఎక్కువేమీ కాదు.